ఇంట్లో పినా కొలాడాకి ఓల్డ్ మాంక్ పోయొచ్చా? వైజాగ్ వాళ్లు చెప్పండి

రుషికొండ_గాలి: శనివారం మా తోడల్లుడు, మరదలు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. సాయంత్రం మేడ మీద కూర్చుని పినా కొలాడా (రమ్, కొబ్బరి, అనాస కలిపిన డ్రింక్) చేసుకుందామని ఆశ. ఇంట్లో ఓల్డ్ మాంక్, అదే నల్ల రమ్, సగం సీసా ఉంది. రైతు బజారులో సీతంపేట అనాసకాయలు రెండు తెచ్చాను, వంటిల్లంతా ఒకటే వాసన. కొబ్బరికాయలకి కొదవ లేదు. తెల్ల రమ్ లేకపోతే అది పినా కొలాడాయే కాదని ఒక ఫ్రెండ్ తేల్చేశాడు. నిజమేనా? ఎలా చేయాలో కూడా చెప్పండి.

ఓడ_బార్: మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే. నేను క్రూయిజ్ ఓడల మీద ఎనిమిదేళ్లు బార్‌లో చేశాను. ప్యూర్టో రికో రాజధాని శాన్ జువాన్ రేవులో ఎన్నిసార్లు దిగానో లెక్క లేదు. ఆ ఊళ్లోనే కరీబే హిల్టన్ హోటల్లో 1954లో రామోన్ మారెరో అనే బార్‌టెండర్ దీన్ని తయారుచేశాడని చెబుతారు. 1978లో ప్యూర్టో రికో దీన్ని జాతీయ పానీయంగా ప్రకటించుకుంది. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం కొలత: తెల్ల రమ్ 50 మి.లీ., కొబ్బరి క్రీమ్ 30, తాజా అనాస రసం 50. ఐస్ వేసి తిప్పడమే. పెగ్ మెజర్ లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

గాజువాక_బాబ్జీ: ఓల్డ్ మాంక్ వచ్చింది కూడా 1954లోనే అన్నా. రెండూ ఒక ఈడువే, కలపొచ్చు.

ఎంవీపీ_అమ్మలు: నిక్షేపంలా పోయొచ్చు. మా ఇంట్లో నాలుగేళ్లుగా ఓల్డ్ మాంక్‌తోనే చేస్తున్నాను. ఆ రమ్‌లో ఉండే వెనిలా వాసన, మాడిన పంచదార రుచి కొబ్బరికి భలే కుదురుతాయి. రంగు తెల్లగా రాదు, పాలెక్కువ పోసిన టీలా వస్తుంది, అంతే తేడా.

అసలు పని కొబ్బరిపాల దగ్గరుంది. ముదురు కాయ ఒకటి తురిమి, అరగ్లాసు గోరువెచ్చని నీళ్లు పోసి మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో వేసి గట్టిగా పిండాలి. ఆ మొదటి పాలే కావాలి. రెండోసారి పిండినవి కూరలోకి పనికొస్తాయి. మొదటి పాలల్లో పంచదార వేసి సన్నసెగ మీద కరిగేదాకా కలుపుతూ ఉండండి, పొంగు రానిస్తే విరిగిపోతాయి. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే పైన మీగడలా గట్టిపడుతుంది. ఐస్‌ని గుడ్డలో చుట్టి చపాతీ కర్రతో నలగ్గొట్టాకే మిక్సీలో వేయండి, లేకపోతే బ్లేడు పోతుంది. రమ్ కంటికొలతే. నేను ఒక చిన్న స్టీలు గ్లాసుతో పోస్తాను, ఎప్పుడూ తేడా రాలేదు.

ఓడ_బార్: కొబ్బరిపాల పద్ధతి బాగుంది. కానీ చిన్న స్టీలు గ్లాసు అంటే ఎంత? 30నా? 60నా? 90నా? అది చెప్పకుండా రెసిపీ అనకండి.

పెదవాల్తేరు_విజ: మధ్యలో వస్తున్నా, సారీ. నేను ఒకసారి కొబ్బరి బదులు వెనిలా ఐస్‌క్రీమ్ వేసి చేశాను. గంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే చేదు. ఎందుకలా?

సింహాచలం_మెట్లు: పచ్చి అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, పాలలోని ప్రొటీన్‌ని విరగ్గొడుతుంది. ఆ చేదు దానిదే. రసాన్ని ముందు బాగా కాచి చల్లార్చుకుంటే ఆ గుణం పోతుంది. డబ్బా అనాసని ఎలాగూ వేడి చేసే నింపుతారు కాబట్టి దానితో ఈ బాధ లేదు. పచ్చిదే కావాలంటే కలిపిన వెంటనే తాగేయాలి.

ఎంవీపీ_అమ్మలు: ఓడ_బార్ గారూ, పులిహోరలో చింతపండు రసం ఎన్ని మి.లీ. అని మీ అమ్మగారిని అడిగారా ఎప్పుడైనా? చేతికి తెలుస్తుంది. ఇంకో మాట. పినా అంటే అనాస, కొలాడా అంటే వడకట్టినది. ఆ పేరులో రమ్ రంగు ఎక్కడుంది? అదే ఊళ్లో బరాచినా అనే రెస్టారెంటు కూడా 1963లో మా దగ్గరే పుట్టిందని గోడకి పలక పెట్టుకుంది. పుట్టిల్లు ఏదో వాళ్లకే తేలలేదు, మీరు ఇక్కడ ఒరిజినల్ అని కూర్చున్నారు.

మా ఆయన ఆఫీసు పార్టీకి బీచ్ రోడ్‌లో ఒక పెద్ద హోటల్‌కి వెళ్లాం. పినా కొలాడా అడిగింది నేను. తెచ్చి మా ఆయన ముందు పెట్టారు. తాగి చూస్తే డబ్బా జ్యూసు, కొబ్బరి ఎసెన్సు. ఇదేంటని అడిగితే ‘ఇదే స్టాండర్డ్ మేడమ్’ అన్నాడు బార్ అతను. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఓడ_బార్: ఆ హోటల్ తప్పు నా మీద రుద్దకండి. నేను అడిగింది గ్లాసు సైజు. రెండోసారి అడుగుతున్నా. పులిహోరలో పులుపు ఎక్కువైతే మజ్జిగ తాగుతాం. రమ్ అలాంటిది కాదు. వంటింటి లెక్కలు బార్‌కి పనికిరావు.

ఎంవీపీ_అమ్మలు: వంటింటి లెక్కలా? ఇరవై మందికి వండి ఒక్క మెతుకు మిగలకుండా సరిపెట్టే లెక్క అది. కోటు వేసుకుని చేస్తే నైపుణ్యం, చీర కొంగు దోపుకుని చేస్తే ఉజ్జాయింపా? మీలాంటి వాళ్ల వల్లే నేను నా పద్ధతి ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు.

కంచరపాలెం_కుర్రాడు: ఏటండీ ఇది, డ్రింక్ గురించి అడిగితే ఇంత గొడవ.

గాజువాక_బాబ్జీ: అక్క చెప్పింది కరెక్ట్. ఇంట్లో మనవాళ్లకి పోసేటప్పుడు కొలతలేంటి?

ఓడ_బార్: బాబ్జీ, సరిగ్గా ఆ మాటే నేనూ అన్నాను. అందుకే చెబుతున్నా, మనసులో పెట్టుకుని లాభం లేదు.

సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు మా పెదనాన్న కొడుకు గృహప్రవేశం. రాత్రి మేడ మీద కుర్రాళ్లంతా చేరారు. ఓడ మీద ఒక్క చుక్క కూడా కొలవకుండా పోయని నేను, మనవాళ్లే కదా అని సీసా ఎత్తి నేరుగా జగ్గులోకే వంపేశాను. కొబ్బరి, అనాస, పంచదార. రమ్ వాసన కూడా తెలియదు. మా తమ్ముడు జ్యూస్ తాగినట్టు మూడు గ్లాసులు తాగాడు. తూలలేదు, మాట తడబడలేదు, నవ్వుతూ బండి తీశాడు. ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక డివైడర్‌ని గుద్దాడు. ప్రాణం దక్కింది. కాలిలో రాడ్డు వేశారు, ఇప్పటికీ మెట్లు దిగాలంటే పక్కకి తిరిగి దిగుతాడు. మా అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

విస్కీ అయితే గొంతు మండి తనే చెబుతుంది. ఇది చెప్పదు. ఓల్డ్ మాంక్‌లో 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది, కొబ్బరిపాలు పోసినంత మాత్రాన గ్లాసులో పడిన ఆల్కహాల్ తగ్గదు. మీ వంటని తక్కువ చేయాలని కాదు అమ్మలు గారూ. వంటింటి లెక్కలు అన్నందుకు క్షమించండి.

రుషికొండ_గాలి: అన్నా, అయ్యో.

ఎంవీపీ_అమ్మలు: తమ్ముడికి కాలు ఎలా ఉంది ఇప్పుడు? ఫిజియోథెరపీ చేయిస్తున్నారా?

మీది చదివాక వంటింట్లోకి వెళ్లాను. దగ్గు మందు సీసా మీద ఉండే 15 మి.లీ. మూతతో నీళ్లు పోసి నా స్టీలు గ్లాసు కొలిచాను. ఆరు మూతలు పట్టాయి, ఇంకా అంచు దాకా రాలేదు. అంటే మూడు పెగ్గులు. నాలుగేళ్లుగా ఒక్క గ్లాసే కదా అనుకున్నాం. మా ఆయన ఆ ఒక్క గ్లాసు తాగి మా ఆడపడుచుని మధురవాడలో దింపి వచ్చేవారు. పక్కన కూర్చుని వెళ్లినదాన్ని నేనే.

ఆ గ్లాసుని అటక మీద పెట్టేశాను. ఇవాళే పెగ్ మెజర్ ఆర్డర్ పెట్టాను. రుషికొండ గారూ, నేను పైన రాసిన కంటికొలత మాట కొట్టేయండి. మనిషికి 45 దాటనివ్వకండి. కొబ్బరిపాలకి మాత్రం కంటికొలతే, అందులో నేను తగ్గను.

ఓడ_బార్: ఇప్పుడు నడుస్తున్నాడండీ, పర్వాలేదు. కొబ్బరిపాలకి మీ మాటే. ఇంకోటి, అనాస రసాన్ని కాచొద్దు, తాజా వాసన పోతుంది. ఐస్‌క్రీమ్ వేయరు కాబట్టి వెంటనే తాగితే చేదు భయం లేదు.

రుషికొండ_గాలి: సరే, 45. తోడల్లుడు వాళ్లు ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంటారు, తాళాలు మా ఆవిడ దగ్గర పెట్టమన్నాను. మరి ఓల్డ్ మాంక్ పోయొచ్చా లేదా, అది తేల్చండి.

ఎంవీపీ_అమ్మలు: పోయొచ్చు.

ఓడ_బార్: పోసుకోండి. పినా కొలాడా అని మాత్రం అనకండి.