టెన్త్ గ్రేడ్ అయిపోతోంది (టెక్సాస్, హెచ్-4): శాట్ ఎప్పుడు రాయించాలి, అప్లికేషన్ల పని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

డాలస్_నాన్న:

అందరికీ నమస్కారం. ఈ నెలాఖరుతో మా అమ్మాయికి పదో గ్రేడ్ పూర్తవుతుంది. డాలస్ పక్కన పబ్లిక్ స్కూలు, క్లాసులో దాదాపు 600 మంది. ర్యాంకు పై 8 శాతం దగ్గర ఉంది. ఆల్జీబ్రా 2 అయింది, వచ్చే ఏడాది ప్రీకాలిక్యులస్. కంప్యూటర్ సైన్సు లేదా ఇంజనీరింగ్ అంటోంది. మేం హెచ్-1బీ (ఉద్యోగ వీసా), తను హెచ్-4 (హెచ్-1బీ వాళ్ళ భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే వీసా). గ్రీన్‌కార్డు కనుచూపు మేరలో లేదు.

మనకు తెలిసిందల్లా ఎంసెట్ ర్యాంకు, వెబ్ ఆప్షన్లు. ఇక్కడి పద్ధతి అంతుపట్టడం లేదు. నా సందేహాలు ఇవీ: కాలేజీ అడ్మిషన్ల పరీక్ష శాట్ ఎప్పుడు, ఎన్నిసార్లు రాయించాలి? అలాంటిదే అయిన ఏసీటీ కూడా రాయాలా? యూటీ ఆస్టిన్‌లో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) స్కూలు ర్యాంకుతో ఆటోమేటిక్ అడ్మిషన్ అంటున్నారు, అదొస్తే కంప్యూటర్ సైన్సు సీటు ఖాయమేనా? వీసా వల్ల ఫీజులో తేడా ఉంటుందా? కోచింగ్‌కి 3 వేల డాలర్లు అడుగుతున్నారు, అవసరమా?

లెక్కల_పంతులు:

శాట్ సంగతి వరకు నేను చెప్తాను.

ఆల్జీబ్రా 2 అయిపోయింది కాబట్టి లెక్కల సిలబస్ దాదాపు చేతిలో ఉన్నట్టే. ఆల్జీబ్రా, అడ్వాన్స్‌డ్ మ్యాథ్ కలిపితేనే 70 శాతం ప్రశ్నలు. మిగతాది డేటా, జామెట్రీ, కాస్త ట్రిగనామెట్రీ. ప్రీకాలిక్యులస్ అయ్యేదాకా ఆగక్కర్లేదు.

ఇప్పటి శాట్ అంతా కంప్యూటర్ మీదే, బ్లూబుక్ అనే యాప్‌లో. మొత్తం 2 గంటల 14 నిమిషాలు, మధ్యలో 10 నిమిషాల విరామం. రీడింగ్ అండ్ రైటింగ్‌లో రెండు మాడ్యూళ్ళు (భాగాలు), ఒక్కోదానిలో 27 ప్రశ్నలు, 32 నిమిషాలు. మ్యాథ్‌లోనూ రెండు, ఒక్కోదానిలో 22 ప్రశ్నలు, 35 నిమిషాలు. తప్పుకు మైనస్ మార్కు లేదు, అందుకని ఒక్కటీ ఖాళీగా వదలకూడదు. మొదటి మాడ్యూల్ ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది కఠినంగానో తేలికగానో వస్తుంది. తేలికది వచ్చిందంటే అన్నీ సరిగ్గా చేసినా స్కోరు ఒక స్థాయి దాటదు. మన పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. మొదటి మాడ్యూల్ సులువనిపించి పరుగెత్తుతారు, రెండు మూడు అజాగ్రత్త తప్పులు చేస్తారు. మొదటి మాడ్యూల్లో మిగిలిన సమయం రెండోదానికి కలవదు. కాబట్టి గడియారం అయ్యేదాకా వెనక్కి వెళ్ళి సరిచూసుకోవడమే లాభం.

రీడింగ్‌లో ప్రశ్నలు ఎప్పుడూ ఒకే వరుసలో వస్తాయి: ముందు పదజాలం, తర్వాత భావం, ఆపైన వ్యాకరణం, చివర్లో వాక్యాలను కలపడం. వ్యాకరణానికి నియమాలున్నాయి, నేర్చుకుంటే నెలలో పట్టు దొరుకుతుంది. ముందున్న చదివే ప్రశ్నల దగ్గరే సమయమంతా ఖర్చుపెట్టేవాళ్ళు వ్యాకరణం మొదలుపెట్టి, అది ముగించి వెనక్కి రావచ్చు. యాప్‌లో ఎటైనా వెళ్ళడం కుదురుతుంది.

లెక్కలకు డెస్మోస్ క్యాలిక్యులేటర్ యాప్‌లోనే ఉంటుంది. రెండు సమీకరణాలిచ్చి ఎక్కడ కలుస్తాయంటే గీసి చూడటమే. తెలియని స్థిరాంకం ఉంటే స్లైడర్ పెట్టాలి. అయితే మూడు సెకన్లలో చేతితో తేలే లెక్కకు కూడా డెస్మోస్ తెరిచే అలవాటు చేసుకుంటే టైము చాలదు.

ఇక తేదీలు. నేనైతే ఇలా వేస్తాను. జూన్ మొదట్లో బ్లూబుక్‌లో ఒక పూర్తి టెస్టు, ఏ తయారీ లేకుండా. జూన్, జూలైల్లో వారానికి 5–6 గంటలు. ఆగస్టులో మొదటి శాట్. అక్టోబరులో స్కూల్లో పీశాట్ (శాట్‌కి ముందు రాసే అలాంటి పరీక్ష), దాంతోపాటే అవసరమైతే రెండో శాట్. ఇంకా కావాలంటే మార్చి. మే నెల వద్దు, ఏపీ పరీక్షలు మీద పడతాయి (ఆంధ్రప్రదేశ్ కాదండోయ్, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే స్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు). సీనియర్ ఏడాది (పన్నెండో గ్రేడ్) ఆగస్టు శాట్‌ను ఆఖరి అవకాశంగా అట్టిపెట్టుకోండి. ఈ తేదీలన్నిటిలో మొత్తం మూడుసార్లు మించి రాయించకండి. మూడోసారికి పెరగని స్కోరు అయిదోసారికీ పెద్దగా పెరగదు, ఆ శనివారాలు వేరేవాటికి కావాలి.

బ్లూబుక్‌లో పూర్తి టెస్టులు కొన్నే ఉంటాయి, వారానికొకటి చొప్పున అవగొట్టొద్దు. రెండు మూడు వారాలకొకటి చాలు. మధ్యలో కాలేజ్ బోర్డు (శాట్ నడిపే సంస్థ) క్వశ్చన్ బ్యాంకు, ఖాన్ అకాడమీ, రెండూ ఉచితమే. టెస్టయ్యాక తప్పుల పుస్తకం రాయించండి. ప్రతి తప్పు పక్కన కారణం ఉండాలి: విషయం తెలియలేదా, ప్రశ్న సరిగా చదవలేదా, టైము చాల్లేదా. ఈ మూడింటికీ మందు వేరు. మొదటి టెస్టులో 1600కి 1300 పైన వచ్చి, తనంతట తాను కూర్చునే పిల్లయితే ఆ 3 వేలు మిగుల్చుకోండి. కూర్చోబెట్టే మనిషి కావాలనుకుంటే అది వేరే విషయం, అప్పుడు మీరు కట్టేది క్రమశిక్షణకే.

ఏసీటీ: ఇంట్లో ఒక నమూనా పరీక్ష రాయించి చూడండి. ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది, ఇంగ్లిష్, మ్యాథ్, రీడింగ్ కలిపి 125 నిమిషాలు, సైన్సు రాయాలా వద్దా అన్నది మన ఇష్టం. కాలేజీలకు రెండూ సమానమే. ఏది నప్పితే అదొక్కటే పట్టుకోండి.

ఆస్టిన్_అత్తయ్య:

ఆటోమేటిక్ అడ్మిషన్ గురించి చాలామంది సగమే వింటారు. టెక్సాస్ చట్టం ప్రకారం పై 10 శాతంలో ఉన్నవాళ్ళకి రాష్ట్ర పబ్లిక్ యూనివర్సిటీల్లో ప్రవేశం ఖాయం. యూటీ ఆస్టిన్‌కి మాత్రం మినహాయింపు ఉంది. 2026 ఫాల్‌లో చేరేవాళ్ళ నుంచి అక్కడ పై 5 శాతమే, అంతకుముందు 6. మీ అమ్మాయి 8 శాతం అంటే 600లో సుమారు 48వ స్థానం. 5 శాతమంటే 30 లోపు. యూటీ చూసేది పదకొండో గ్రేడ్ ముగిసేసరికి ఉన్న ర్యాంకు, కాబట్టి చేతిలో ఉన్నవి రెండు సెమిస్టర్లే. 18 స్థానాలు ఎక్కడం అసాధ్యం కాదు గానీ, ఆ పైవాళ్ళందరూ అదే లెక్కలు వేసుకుంటుంటారు.

ఒకవేళ 5 శాతంలోకి వచ్చినా ఖాయమయ్యేది యూనివర్సిటీలో చోటే, మేజర్ (బ్రాంచి) కాదు. కంప్యూటర్ సైన్సు, ఇంజనీరింగ్, బిజినెస్‌కి విడిగా పోటీ ఉంటుంది. అక్కడ శాట్ స్కోరు, వ్యాసాలు, ఏ కోర్సులు తీసుకుందన్నది అన్నీ చూస్తారు. ఎంసెట్‌లో కాలేజీ, బ్రాంచి ఒకే ర్యాంకుతో తేలిపోతాయి, ఇక్కడ రెండూ వేర్వేరు నిర్ణయాలు. "ముందు లోపలికి వెళ్దాం, తర్వాత కంప్యూటర్ సైన్సుకి మారదాం" అన్న ఆలోచన చాలా ప్రమాదం. లోపల మారడానికి హామీ ఏమీ లేదు. రెండో ఎంపిక మేజర్ కూడా అడుగుతారు. దాన్ని ఏదో ఒకటని నింపకుండా, అదే వచ్చినా నిజంగా చదవగలిగేది పెట్టండి.

యూటీకి శాట్ లేదా ఏసీటీ స్కోరు తప్పనిసరి. ఎర్లీ గడువు అక్టోబరు 15, మామూలుది డిసెంబరు 1. అక్టోబరు శాట్ ఫలితం రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, ఎర్లీకి అది నమ్ముకునే తేదీ కాదు. పైన పంతులుగారు ఆగస్టు అన్నది అందుకే.

పై 10 శాతంలో ఉంటే టెక్సాస్ ఏ అండ్ ఎం, యూటీ డాలస్ లాంటి యూనివర్సిటీలు ప్రవేశం వరకు గట్టి ఆధారం. ఏ అండ్ ఎంలో ఇంజనీరింగ్ వాళ్ళు దాదాపు అందరూ మొదటి ఏడాది జనరల్‌గా చేరి, ఆ మార్కులతో బ్రాంచికి పోటీపడతారు.

కోర్సుల్లో ఒక మాట: పన్నెండో గ్రేడ్‌లో కాలిక్యులస్ ఉండి తీరాలి, వీలైతే ఏపీ కాలిక్యులస్‌లో పై స్థాయిదైన బీసీ. ఇంజనీరింగ్ అడిగి కాలిక్యులస్ లేని ట్రాన్స్‌క్రిప్ట్ (కోర్సులు, మార్కుల రికార్డు) పంపితే శాట్ 1550 వచ్చినా ఆదుకోదు. ర్యాంకు కోసం వెయిట్ ఉన్న తేలిక ఏపీలు ఏరుకునేవాళ్ళున్నారు. స్కూలు ర్యాంకుకి అది పనికొస్తుందేమో గానీ, కోర్సుల జాబితా చదివే అధికారికి ఇట్టే తెలిసిపోతుంది.

డాలస్_నాన్న:

చాలా థ్యాంక్స్ అండీ. మేజర్ విషయం మాకు అస్సలు తెలియదు. పీశాట్‌కి విడిగా చదవాలా? వీసా సంగతి ఎవరైనా చెప్పగలరా?

లెక్కల_పంతులు:

విడిగా అక్కర్లేదు, శాట్‌కి చదివితే చాలు. అయితే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి లెక్కలోకొచ్చేది పదకొండో గ్రేడ్ పీశాటే. అందులో రీడింగ్ స్కోరును రెండింతలు చేసి, మ్యాథ్ కలిపి, 10తో భాగిస్తారు. రీడింగ్ 720, మ్యాథ్ 740 అయితే 218. గరిష్ఠం 228. కటాఫ్ రాష్ట్రానికొకటి, ఏటా మారుతుంది. రీడింగ్‌కి రెండింతల బరువు కాబట్టి లెక్కల్లో దిట్ట అయిన పిల్లలకు మిగిలిన పాయింట్లు ఉన్నది రీడింగ్‌లోనే.

ఫారమ్_ఫిల్లర్:

వీసా సంగతి. టెక్సాస్‌లో హెచ్-4 పిల్లలకు రెసిడెంట్ ఫీజు (రాష్ట్రంలో ఉండేవాళ్ళకి వేసే తక్కువ ఫీజు) దొరుకుతుంది. తల్లిదండ్రులు ఇక్కడ కనీసం 12 నెలలుగా స్థిరపడి ఉన్నట్టు కాగితాలు చూపాలి: ఇంటి లీజు లేదా డీడ్, పే స్టబ్‌లు వగైరా. అప్లికేషన్‌లో రెసిడెన్సీ ప్రశ్నలను పిల్లలకు వదిలేయకండి, పక్కన కూర్చుని నింపించండి. అక్కడ ఒక్క గడి తప్పు పెడితే అవుట్ ఆఫ్ స్టేట్ కింద పడేస్తారు, అది దిద్దించుకోవడానికి నెలలు పడుతుంది.

ఫాఫ్సా అనే ఫారం ద్వారా వచ్చే ఫెడరల్ ఆర్థిక సాయం హెచ్-4కి వర్తించదు. ప్రైవేటు కాలేజీలు చాలావరకు సాయం విషయంలో హెచ్-4 పిల్లల్ని ఇంటర్నేషనల్‌గా చూస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్‌హెర్స్ట్ లాంటి కొన్ని మాత్రం ఇంటర్నేషనల్ విద్యార్థులకూ కుటుంబ ఆదాయం చూడకుండా సీటిచ్చి, అవసరమైన మేరకు సాయం చేస్తాయి. సాయం అవసరమైతే అడగొద్దనుకోకండి, అయితే అడిగితే నష్టమేమిటో ఆ కాలేజీ పద్ధతి చూసి నిర్ణయించుకోండి. ఎర్లీ డెసిషన్ అంటే సీటు వస్తే చేరతామని విద్యార్థి, తల్లిదండ్రులు, కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెట్టడం. ఫీజు ఎంతో ముందే ఆ కాలేజీ నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో చూడకుండా ఆ సంతకం పెట్టొద్దు. ఇంటర్నేషనల్‌గా చూసే చోట ఆ అంకె మీకు వర్తించకపోవచ్చు, ఎయిడ్ ఆఫీసుకి మెయిల్ రాసి అడగండి.

ఎవరూ ముందు చెప్పని విషయం: హెచ్-4 పిల్లలు జీతం తీసుకునే ఇంటర్న్‌షిప్ చేయకూడదు. వేసవిలో కంపెనీ ఇంటర్న్‌షిప్ కలలు కనేముందు ఇది గుర్తుంచుకోండి. కాలేజీలో మూడో ఏడాదికి 21 నిండితే ఎఫ్-1 (విద్యార్థి వీసా)కి మారాలి, ఇంటర్న్‌షిప్ కోసం అంతకుముందే మారేవాళ్ళూ ఉన్నారు. కానీ టెక్సాస్‌లో డొమిసైల్ (స్థిరనివాసం) ఏర్పరచుకోగల వీసాల్లో ఎఫ్-1 లేదు. మారేముందు రెసిడెంట్ ఫీజు ఏమవుతుందో రిజిస్ట్రార్ ఆఫీసును అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి.

కలం_కాగితం:

అప్లికేషన్ల పని పదకొండో గ్రేడ్ చివర్లో మొదలవుతుంది, పన్నెండో గ్రేడ్‌లో కాదు. మే నెలలో ఇద్దరు టీచర్లను సిఫార్సు లేఖకు అడగాలి. ఇద్దరూ పదకొండో గ్రేడ్‌లో చెప్పినవాళ్ళయితే మంచిది, ఒకరు లెక్కలో సైన్సో, మరొకరు ఇంగ్లిషో హిస్టరీయో. అక్టోబరులో అడిగితే అప్పటికే ఆ టీచరు చేతిలో ఎన్నో లేఖలుంటాయి. లేఖ చూసే హక్కు వదులుకుంటున్నామన్న గడి టిక్ పెట్టండి, లేకపోతే లేఖకు విలువ తగ్గుతుంది.

కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్) ఆగస్టు 1న కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. ప్రధాన వ్యాసం 650 మాటలు దాటకూడదు. యాక్టివిటీలకు 10 గళ్ళు, ఒక్కో వివరణకు 150 అక్షరాలే, మాటలు కాదు అక్షరాలు. "చిన్నప్పటినుంచీ కూచిపూడి నేర్చుకుంటోంది" అని నింపేస్తే ఏమీ చెప్పనట్టే. ఎంతమంది చిన్నపిల్లలకు నేర్పుతోంది, వారానికి ఎన్ని గంటలు, ఏ ప్రదర్శనకు తాళం పట్టింది, ఇలా రాయాలి. మనబడిలో తెలుగు నేర్పడం కూడా నిజమైన పనే, మన ఇళ్ళల్లో దాన్ని అసలు లెక్కలోకే తీసుకోరు. ఈ వేసవిలోనే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, తొమ్మిదో గ్రేడ్ నుంచి చేసిన ప్రతి పని, గంటలు, తేదీలు ఎక్కించండి. పద్దెనిమిది నెలల తర్వాత గుర్తుకురావు.

టెక్సాస్ బయట చూస్తే స్కోరు నియమం కాలేజీని బట్టి మారుతుంది. ఎంఐటీ, జార్జియా టెక్, పర్డ్యూకి తప్పనిసరి. కాలిఫోర్నియాలోని యూసీలు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) అడ్మిషన్‌కి స్కోరు చూడనే చూడవు. స్కోరు బాగా వస్తే యూసీలకు లాభమని ఆశపడొద్దు. జార్జ్‌టౌన్ రాసిన స్కోర్లన్నీ పంపమంటుంది, ఎన్నిసార్లు రాశారో అక్కడ కనబడుతుంది.

ఫారమ్_ఫిల్లర్:

ఇంకోటి మర్చిపోయాను: పేరు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది, కొన్నిట్లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. స్కూలు రికార్డులో ఒకలా, కాలేజ్ బోర్డులో ఇంకోలా, కామన్ యాప్‌లో మరోలా పెడితే స్కోరు అప్లికేషన్‌తో జతపడదు. "టెస్ట్ స్కోరు అందలేదు" అని జనవరిలో మెయిల్ వస్తుంది. శాట్ రోజు చూపించే గుర్తింపు కార్డులోని పేరు రిజిస్ట్రేషన్‌తో కలవకపోతే లోపలికే రానివ్వకపోవచ్చు. ఈ జూన్‌లో కాలేజ్ బోర్డు అకౌంటు తెరిచేముందే పాస్‌పోర్టు, స్కూలు ట్రాన్స్‌క్రిప్ట్ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే స్కూలు ఆఫీసులో ముందు అది సరిచేయించండి, వేసవిలో వాళ్ళకి కాస్త తీరిక ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగే గడి ఖాళీగా వదిలేయొచ్చు, అక్కడ ఐటిన్ (పన్నుల కోసం ఇచ్చే నంబరు) రాయకండి.