కోవిడ్‌లో పనిచేసిన స్టెరాయిడ్ పసిపిల్లల ఆర్‌ఎస్‌వీలో ఎందుకు పనిచేయదు?

ఫార్మసీ అధ్యాపకుడు, విజయవాడ:

శ్వాసకోశ వైరస్ సోకి రోగి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ హానిలో పెద్ద వాటా వైరస్‌ది కాదని, దాన్ని తరమబోయిన మన రక్షణ వ్యవస్థదేనని నా వాదన. ఇందుకు రెండు ఆధారాలు చూపుతాను. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో రోజుకు 6 మి.గ్రా. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో 28 రోజుల లోపు మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆ మందు వైరస్‌ను చంపదు, రక్షణ వ్యవస్థ దూకుడుకు కళ్ళెం వేస్తుంది, అంతే. ఇక 1960ల మధ్యలో అమెరికాలో ఫార్మలిన్‌తో నిర్వీర్యం చేసిన ఆర్‌ఎస్‌వీ (శ్వాసకోశానికి సోకే రెస్పిరేటరీ సిన్సిషియల్ వైరస్) టీకా వేసిన పిల్లలకు తరువాత సహజంగా వైరస్ సోకినప్పుడు వారిలో సుమారు 80 శాతం మంది ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు చనిపోయారు. ఆ టీకా వేయని పిల్లల్లో ఆసుపత్రి పాలైనవారు 5 శాతమే. వైరస్ అందరికీ ఒకటే అయినప్పుడు తేడా శరీర స్పందనలోనే ఉండాలి కదా. అలాంటప్పుడు అదే ఆర్‌ఎస్‌వీ వల్ల పసిపిల్లలకు వచ్చే బ్రాంకియోలైటిస్‌లో (ఊపిరితిత్తుల్లోని సన్నని శ్వాసనాళికల వాపులో) స్టెరాయిడ్ ఎందుకు ఉపయోగపడటం లేదో ఇక్కడి వైద్యులు వివరించాలని కోరుతున్నాను.

పిల్లల వైద్యురాలు, కరీంనగర్:

అధ్యాపకుల వారికి నమస్కారం. మీ ప్రశ్నలోనే నా అభ్యంతరం కూడా ఉంది. మొదటి రెండు మూడు రోజులు ముక్కు కారడం, కాస్త దగ్గు తప్ప ఏమీ ఉండని నాలుగు నెలల బిడ్డ ఆ తరువాత డొక్కలు ఎగరేస్తూ, ముక్కుపుటాలు అదురుతూ, రెండు గుక్కలు పాలు తాగి ఆయాసంతో వదిలేసే స్థితిలో మా దగ్గరికి వస్తుంది. ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే పిల్లికూతలు వినిపిస్తాయి కనుక ఉబ్బసం లాంటిదేనని, స్టెరాయిడ్ ఇస్తే తగ్గుతుందని తల్లిదండ్రులే కాదు, కొందరు వైద్యులూ అనుకుంటారు. అయితే అమెరికాలోని 20 అత్యవసర విభాగాల్లో 600 మంది పసిపిల్లలతో జరిపిన ట్రయల్ ఫలితాలు 2007లో వచ్చాయి. ఒక డోసు డెక్సామెథసోన్ ఇచ్చినవారిలో 39.7 శాతం, ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 41.0 శాతం ఆసుపత్రిలో చేరారు. అంటే తేడా లేనట్లే.

కారణం ఆ బిడ్డ శ్వాసనాళికల్లోనే ఉంది. వైరస్ సోకిన లోపలి పొర కణాలు చచ్చి రాలిపోతాయి, వాటితో కఫమూ న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలూ కలిసి సన్నని నాళికల్లో బిరడాల్లా బిగుసుకుంటాయి. గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే గాలికి ఎదురయ్యే నిరోధం పదహారు రెట్లు పెరుగుతుంది. పెద్దవారి నాళానికి లెక్కలోకి రాని వాపు పసిబిడ్డకు ఊపిరి ఆడనివ్వదు. అలా బిగుసుకున్న చెత్తను స్టెరాయిడ్ ఊడ్చివేయలేదు.

ఇంకో మాట. ఆర్‌ఎస్‌వీతో చనిపోయిన పసిపిల్లల ఊపిరితిత్తులను పరీక్షించి 2007లోనే వెలువరించిన పరిశోధనలో నాళికల పొరంతా వైరస్ నిండి ఉంది కానీ, సోకిన కణాలను వెతికి చంపవలసిన టీ కణాలు దాదాపుగా కనిపించలేదు. దీన్ని అతి స్పందన అనడానికి నాకు మనసొప్పదు. మీరు చెప్పిన టీకా విషయంలోనూ జరిగింది అతి కాదు, వక్రత. వైరస్‌ను పట్టుకున్నా దాన్ని అడ్డుకోలేని నాసి యాంటీబాడీలు పుట్టించడమే ఆ టీకా చేసిన చేటు.

ఇమ్యునాలజీ పరిశోధక విద్యార్థి, హైదరాబాద్:

మేడమ్ చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. అయితే స్పందన ఎక్కువా తక్కువా అని తేల్చేముందు దేన్ని ఎక్కడ కొలిచారో చూడాలి. రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు సంకేత ప్రొటీన్‌ను కొలిచి శ్వాసమార్గంలో ఏం జరుగుతోందో చెప్పడం కష్టం. 2021లో కోవిడ్ రోగుల ముక్కు లోపలి కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించిన అధ్యయనంలో, జబ్బు తీవ్రమైనవారి ముక్కు కణాల్లో వైరస్‌ను తొలి అడుగులోనే ఆపవలసిన ఇంటర్‌ఫెరాన్ (సోకిన కణాలు విడుదల చేసే రక్షణ ప్రొటీన్) స్పందన మందకొడిగా ఉందని తేలింది. 2020లో ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది కోవిడ్ రోగులను పరీక్షించగా, వారిలో 101 మందిలో తమ ఇంటర్‌ఫెరాన్‌నే నిర్వీర్యం చేసే యాంటీబాడీలు కనిపించాయి. లక్షణాలు లేని, లేదా తేలికగా జబ్బు పడిన 663 మందిలో ఒక్కరిలోనూ అవి లేవు. కాబట్టి ఐసీయూలో మనం చూసే రక్షణ స్పందన ఉప్పెన చాలామందిలో ముక్కు దగ్గర జరిగిన లోటుకు పర్యవసానమని నా అభిప్రాయం. ఆర్‌ఎస్‌వీ అయితే ఎన్‌ఎస్1, ఎన్‌ఎస్2 అనే తన సొంత ప్రొటీన్లతోనే ఇంటర్‌ఫెరాన్ నోరు నొక్కుతుంది.

ముక్కు అప్పటికే ఏ స్థితిలో ఉందన్నదీ ముఖ్యమే. ఆరోగ్యవంతులైన వాలంటీర్ల ముక్కులో కావాలని ఆర్‌ఎస్‌వీ వేసి చూసిన ప్రయోగంలో, వైరస్ వేయకముందే ముక్కు పొరలో న్యూట్రోఫిల్స్ హడావుడి ఉన్నవారికే ఇన్ఫెక్షన్ ఎక్కువగా పట్టుకుంది.

ఐసీయూ వైద్యుడు, విశాఖపట్నం:

విద్యార్థి మిత్రులు చెప్పిన లోటు నిజమే కానీ, లోటును పూడిస్తే జబ్బు తగ్గుతుందని దాని నుంచి తీర్మానించడం కుదరదు. ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు ఇంటర్‌ఫెరాన్ బీటా ఇచ్చి చూసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ ట్రయల్‌లో ప్రయోజనం కనిపించలేదు. ఇంటి దగ్గర ఉన్నవారికి జబ్బు మొదటి వారంలోనే లాంబ్డా రకం ఇంటర్‌ఫెరాన్ ఒక్క ఇంజెక్షన్ ఇచ్చి చూసిన ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. అందులో ఆసుపత్రి అవసరం 5.6 శాతం నుంచి 2.7 శాతానికి తగ్గింది. ఆ లాంబ్డాయే ఎక్కువ కాలం ఊపిరితిత్తుల్లో ఉంటే దెబ్బతిన్న పొర మానకుండా అడ్డుపడుతుందని ఎలుకల్లో చూశారు. అంటే మందు ఏ సమయంలో ఇచ్చామన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

స్టెరాయిడ్ సంగతీ అంతే. అధ్యాపకుల వారు ప్రస్తావించిన రికవరీ ట్రయల్‌లోనే ఆక్సిజన్ అవసరం లేని రోగుల్లో మందు తీసుకున్నవారి మరణాలు 17.8 శాతం, తీసుకోనివారివి 14.0 శాతం. గణాంకపరంగా ఇది కచ్చితమైన హాని కాకపోవచ్చు కానీ మేలు మాత్రం లేదు. ఆ వాక్యం మన ఊళ్ళకు చేరకపోవడం వల్ల ఎంత నష్టం జరిగిందో తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. 2021 రెండో వేవ్‌లో వాట్సాప్‌లో తిరిగిన చీటీలు చూసి జ్వరం వచ్చిన మొదటి రోజే స్టెరాయిడ్ బిళ్ళలు మింగినవారు, షుగర్ అదుపు తప్పినవారు బ్లాక్ ఫంగస్‌తో హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రికి బారులు తీరారు.

ఫార్మసీ అధ్యాపకుడు, విజయవాడ:

సమయమే నిర్ణయిస్తుందన్న మాటను అంగీకరిస్తాను, కానీ దానికి ఒక ప్రమాదం ఉంది. మందు పనిచేస్తే సరైన సమయమని, పనిచేయకపోతే సమయం మించిందని చెప్పుకుంటూ పోతే ఆ వాదనను ఎవరూ ఎన్నటికీ తప్పని నిరూపించలేరు. ఈ రోజు ఈ రోగిలో ఏ దశ నడుస్తోందో ముందుగా చెప్పగల గుర్తు ఉంటేనే దాన్ని వివరణ అనాలి.

ఐసీయూ వైద్యుడు, విశాఖపట్నం:

కోవిడ్‌లో అలాంటి గుర్తు ఉంది, మోటుదే అయినా పనికొచ్చేది. ఆక్సిజన్ పడిపోవడమే ఆ గుర్తు. దాన్ని ఆధారం చేసుకున్నందువల్లే స్టెరాయిడ్ మేలు ఎవరికి దక్కుతుందో రికవరీ విడదీసి చూపగలిగింది.

పిల్లల వైద్యురాలు, కరీంనగర్:

పసిపిల్లల్లో ఆ గుర్తు పనిచేయదు. ఆక్సిజన్ పడిపోయిన బిడ్డకూ స్టెరాయిడ్ వల్ల మేలు జరుగుతుందని తేలలేదు. మరోవైపు, సీజన్‌కు ముందే నిర్సెవిమాబ్ అనే యాంటీబాడీ ఒక్క ఇంజెక్షన్ ఇస్తే వైద్యసాయం అవసరమయ్యే ఆర్‌ఎస్‌వీ ఊపిరితిత్తుల జబ్బు 74.5 శాతం తగ్గింది. అందువల్ల వైరసే దోషి అని నేను తీర్పు చెప్పబోవడం లేదు, ఎందుకంటే వైరస్‌ను ఆపితే దానికి పుట్టే స్పందన కూడా ఆగిపోతుంది, రెండింటిలో ఏది గాయపరిచిందో ఆ ట్రయల్ విడదీయలేదు. విడదీయాలంటే ఒట్టి జలుబుతో ఉన్న మొదటి రెండు రోజుల్లోనే బిడ్డ ముక్కు నుంచి నమూనా తీసి, ఎవరికి ఆయాసం వస్తుందో తరువాత చూడాలి. ఆ రెండు రోజులూ బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. మా దగ్గరికి వచ్చే నమూనాలన్నీ అప్పటికే డొక్కలు ఎగరేస్తున్న పిల్లలవి. అలాంటి అధ్యయనం వచ్చి నా అభిప్రాయం మార్చేదాకా బ్రాంకియోలైటిస్ బిడ్డకు ముక్కు శుభ్రం చేయించి, నీటి శాతం తగ్గకుండా చూసి, అవసరమైతే ఆక్సిజన్ పెడతాను, స్టెరాయిడ్ మాత్రం రాయను.