టాన్ ఇన్వర్స్‌తో చేస్తే జవాబు సగమే వస్తోంది, ఎందుకు?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంసెట్‌కి (పేరు మారినా మాకు ఎంసెట్టే) చదువుతున్నా. (ఎక్స్ స్క్వేర్ + 1) బై (ఎక్స్ పవర్ 4 + 1)ని మైనస్ ఇన్ఫినిటీ నుంచి ప్లస్ ఇన్ఫినిటీ దాకా ఇంటిగ్రేట్ చేయాలి. పైనా కిందా ఎక్స్ స్క్వేర్‌తో భాగించి, యు = ఎక్స్ − 1/ఎక్స్ అనుకుంటే (1/√2) టాన్ ఇన్వర్స్ (యు/√2) వస్తుంది, లిమిట్లు వేస్తే పై/√2. కీలో మాత్రం √2 పై, అంటే సరిగ్గా రెట్టింపు! సున్నా నుంచి ఇన్ఫినిటీ దాకా చేసి రెండుతో గుణిస్తే కీ జవాబే వస్తోంది. అసలు ఫంక్షన్ సున్నా దగ్గర హాయిగా 1 విలువతో ఉంది, కానీ అక్కడే టాన్ ఇన్వర్స్ ఎడమవైపు నుంచి పై/2కి, కుడివైపు నుంచి −పై/2కి పోతోంది, తేడా అంతా ఇక్కడే అనిపిస్తోంది. ఇలాంటివి ఎప్పుడూ సున్నా దగ్గర విడగొట్టాల్సిందేనా, లేక ఎక్కడా తెగని వేరే టాన్ ఇన్వర్స్ రూపం ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు స్టెప్పులతో చెప్పండి ప్లీజ్.