ట్యూబ్ ఫీడింగ్ పంపు రాత్రిపూట టిక్కుటిక్కుమంటోంది, చప్పుడు ఎట్టా తగ్గించాలి?

ప్రశ్న (కావలి, ఎలక్ట్రానిక్స్ విద్యార్థి):
పెగ్ ట్యూబ్ (పొట్ట మీది రంధ్రం గుండా కడుపులోకి పెట్టే ఆహారపు గొట్టం) ఉన్నవాళ్లు భుజాన వేసుకుని తిరిగేలా చిన్న ఫీడింగ్ పంపు నమూనా చేస్తున్నాం. ఇప్పటికి నీళ్లతోనే నడుపుతున్నాం, మనిషికి తగిలించలేదు. గొట్టాన్ని నొక్కుతూ తిరిగి నీళ్లని ముందుకి తోసే మూడు రోలర్లు, లోపలి వ్యాసం 3.2 మి.మీ. ఉన్న సిలికాన్ గొట్టం, రోలర్లు తిరిగే వృత్తానికి 12 మి.మీ. వ్యాసార్థం, నేరుగా బిగించిన స్టెప్పర్ మోటారు (చిన్న చిన్న అంచెలుగా తిరిగేది). గంటకు 100 మి.లీ. వేగంలో పగలు వినపడదు. రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే మాత్రం గదంతా టిక్కుటిక్కు. చుట్టూ స్పాంజి చుడితే కొంత తగ్గింది గానీ డబ్బా వేడెక్కుతోంది. కాలేజీలోనైనా, పెళ్లిలోనైనా, ఒంగోలు పోయే ఆర్టీసీ బస్సులోనైనా పక్కవాళ్లు తిరిగి చూడకూడదు. అలారం కూడా వైబ్రేషన్‌కి మార్చేద్దామా?

జవాబు 1 (నెల్లూరు, మోటార్ల పని):
ముందు ఆ స్పాంజి తీసెయ్ తమ్ముడూ. లిథియం సెల్‌ని 45 డిగ్రీలు దాటాక ఛార్జి చేయకూడదు. రోహిణి కార్తెలో మన గదిలోనే 40 ఉంటే స్పాంజి లోపల ఎంతుంటుందో చూసుకో. చప్పుడుని పుట్టిన చోటే ఆపాలి గానీ మూట కట్టకూడదు.

నీ కొలతలతోనే లెక్క వేద్దాం. వృత్తం చుట్టుకొలత 75 మి.మీ., గొట్టం అడ్డుకోత 8 చదరపు మి.మీ. అంటే ఒక చుట్టుకి 0.6 మి.లీ.; రోలర్లు నొక్కిన చోటు తీసేస్తే సుమారు 0.5. గంటకు 100 మి.లీ. కావాలంటే 200 చుట్లు, నిమిషానికి 3.3. మోటారుకి చుట్టుకి 200 స్టెప్పులు కాబట్టి సెకనుకి 11 దెబ్బలు పడుతున్నాయి. నువ్వు వింటున్న టిక్కుటిక్కు అదే. టీఎంసీ 2209 లాంటి డ్రైవర్ (మోటారుకి కరెంటు పంపే చిప్) పెట్టి, స్టెల్త్‌చాప్ అనే దాని నిశ్శబ్ద పద్ధతిలో, ఒక్కో స్టెప్పుని 16 ముక్కలు చేసే 1/16 మైక్రోస్టెప్పుల మీద నడుపు, ఆ దెబ్బలు నున్నగా కలిసిపోతాయి. చవక డ్రైవర్లు మైక్రోస్టెప్ ఇచ్చినా సన్నగా ఈల వేస్తాయి, రాత్రి అది ఇంకా చికాకు.

రెండో చప్పుడు గొట్టానిది. గొట్టాన్ని ఆనించి నొక్కే వంపు గోడ (ట్రాక్) చివరికి రోలర్ వచ్చి ఒక్కసారిగా వదిలితే, నొక్కుకుపోయిన గొట్టం టప్పున తెరుచుకుంటుంది. మూడు రోలర్లు కాబట్టి నీ వేగంలో 6 సెకన్లకోసారి. ట్రాక్ చివర్న 15 నుంచి 20 డిగ్రీల మేర మెల్లగా దూరం జరిగేలా వంపు ఇవ్వు. రోలర్లు గొట్టాన్ని రుద్దకుండా దొర్లాలి. లోపల డెల్రిన్ (నున్నటి గట్టి ప్లాస్టిక్) బుష్ వెయ్.

అసలు దొంగ డబ్బానే. 2 మి.మీ. ప్లాస్టిక్ పలక డప్పు తోలులా పనిచేస్తుంది. మోటారుని నాలుగు మెత్తటి సిలికాన్ గ్రోమెట్ల (రబ్బరు రింగుల్లాంటివి) మీద కూర్చోబెట్టు. స్క్రూ గ్రోమెట్‌ని దాటి పలకకి తగిలితే ఉపయోగం సున్నా. పలక లోపలి వైపు అడ్డపట్టీలు పెట్టు. డబ్బాకి తగిలే వైరు కూడా చప్పుడుని మోసుకొస్తుంది, కట్టెయ్.

ఇంకోటి, నేమా 17 సైజుదైతే మోటారే పావుకిలో పైన ఉంటుంది, భుజం లాగుతుంది. చిన్న మోటారుకి 20:1 వార్మ్ గేర్ (మరలాంటి కడ్డీ పళ్ల చక్రాన్ని తిప్పేది) పెట్టడం మేలు. పళ్లు జారుతూ కలుస్తాయి గనక గరగర ఉండదు. ఒంటి మర వార్మ్ అయితే మామూలుగా రోలర్లు వెనక్కి తిరగవు కాబట్టి ఆగినప్పుడు మోటారుకి కరెంటు అక్కర్లేదు.

జవాబు 2 (ఒంగోలు, బయోమెడికల్):
వైబ్రేషన్ ఒక్కటే పెట్టొద్దు. పక్షవాతం వచ్చి ఒక పక్క స్పర్శ లేనివాళ్లకి, గాఢనిద్రలో ఉన్న పిల్లలకి అది తెలియదు. వైద్య పరికరాల అలారాలకి ఐఈసీ 60601-1-8 ప్రమాణం ఉంది, అది చదివాకే మొదలుపెట్టండి. బ్యాటరీ తగ్గుతోంది, ఇంకో 15 నిమిషాల్లో ఫీడ్ అయిపోతుంది లాంటి ముందస్తు కబుర్లు వణుకుతో చెప్పొచ్చు. గొట్టం మూసుకుపోయినా, ఫీడ్ ఆగిపోయినా మోత మోగాల్సిందే; తగ్గించుకునే వీలుండాలి గానీ సున్నా కాకూడదు. అమ్మ ఫోనుకి బ్లూటూత్ కబురు అదనం మాత్రమే.

నలుగురిలో తల దించుకునేలా చేసేది నిజానికి అనవసరపు అలారం. చుక్కలు లెక్కపెట్టే పంపు నడుస్తుంటే తప్పుగా లెక్కపెడుతుంది, చుట్లు లెక్కపెట్టేది ఎటు తిరిగినా పనిచేస్తుంది. గాలి పట్టడానికి అల్ట్రాసౌండ్ సెన్సార్ పెట్టండి. కాంతి సెన్సార్ అయితే గొట్టం గోడకి అంటుకున్న పాలపొరకి మోసపోతుంది. ఇది పోయేది కడుపులోకి, నరంలోకి కాదు. చిన్న బుడగకి కేక వేయక్కర్లేదు, ఒకటి రెండు మి.లీ. గాలి వరసగా వస్తే చాలు.

స్టెప్పర్‌నే ఉంచుకోండి. మామూలు డీసీ మోటారుకి ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే పూర్తి వేగంతో తిరిగి సంచి మొత్తం కడుపులో గుమ్మరిస్తుంది, స్టెప్పర్ ఆగిపోతుంది. రోలర్లు తిరిగే రోటరుకి అయస్కాంతాలు, వాటిని పసిగట్టే హాల్ సెన్సార్ పెట్టి, అసలు చుట్లు ఎన్నో వేరే చిప్‌తో సరిచూడండి. తేడా వస్తే అదే కరెంటు తెంపాలి. గొట్టం పంపులోంచి ఊడిన క్షణమే దానంతటదే బిగిసే క్లాంపు తప్పనిసరి. కనెక్టర్ ఎన్‌ఫిట్ రకమే (ఫీడింగ్ గొట్టాలకే చేసినది) పెట్టండి, నరానికి పెట్టే ఐవీ లైనుకి పొరపాటున కూడా ఎక్కదు.

ప్రశ్నించినవారు:
చాలా థ్యాంక్స్ అన్నా, సార్. వార్మ్ గేర్‌తో శక్తి వృథా కదా, ఆగి ఆగి తిప్పితే బ్యాటరీ మిగులుతుందా? ఇంట్లో చేసే రాగి జావ కూడా పంపులో పోతుందా?

జవాబు 1 (నెల్లూరు):
వృథానే, సగానికి పైగా పోవచ్చు. అయినా సగటున 0.6 వాట్ల లోపు ఉంచగలిగితే 3000 ఎంఏహెచ్ సెల్ ఒక్కటి 18 గంటలు లాగుతుంది. ఆగి ఆగి తిప్పడం పగటికి సరే. రాత్రి మాత్రం వద్దు. ఒకే తీరున వచ్చే సన్నటి మూలుగుని చెవి మర్చిపోతుంది, ఆగి మొదలయ్యే చప్పుడుకి ప్రతిసారీ లేస్తుంది.

జవాబు 3 (నెల్లూరు, డైటీషియన్):
బాబూ, రాగి జావ చల్లారితే గట్టిపడి గొట్టంలో పేరుకుంటుంది. మొలకెత్తించిన రాగి పిండి కలిపితే పలచబడుతుంది, అయినా జావని సన్నటి జల్లెడ పట్టి, పెగ్ ట్యూబ్‌కి సిరంజితో ఇవ్వడమే మంచిది. పంపుకి పౌడర్ ఫార్ములా వాడండి. కలిపాక నురగ దిగేదాకా ఆగి, సంచిలో గాలి పూర్తిగా పిండేసి మూత పెట్టాలి.

పౌడర్ కలిపినది సంచిలో 4 గంటలు, ఇంట్లో రుబ్బినది 2 గంటలకి మించి ఉండకూడదు. మన ఎండలకి ఆ గడువు కూడా నమ్మొద్దు. భుజాన వేసుకునే సంచిలో ఐస్ ప్యాక్‌కి అర పెట్టండి, ఆ సంచికి నల్ల గుడ్డ వద్దు. 4 గంటలకోసారి 30 మి.లీ. నీళ్లు పెద్దవాళ్లకి ఫ్లష్ చేయాలి, పిల్లలకి ఎంతో డాక్టర్ చెప్పాలి. ఆ గుర్తు కూడా వణుకుతోనే ఇవ్వండి. ఫీడ్ పోతున్నంతసేపూ తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తులో ఉండాలి.

జవాబు 2 (ఒంగోలు):
పరీక్ష ఇలా చేయండి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేసి రాత్రి రెండు గంటలకి 30 సెం.మీ., 1 మీటరు దూరాల్లో సౌండ్ మీటరుతో కొలవండి. ఫోన్ యాప్‌లు అంత తక్కువ చప్పుడు దగ్గర తప్పు చెప్తాయి. తర్వాత పంపుని దిండు పక్కన, మంచం చెక్క మీద పెట్టి మళ్లీ వినండి, చెక్క మోగుతుంది. 24 గంటలు ఆపకుండా నీళ్లు నడిపి, గంటగంటకీ బయటికొచ్చినది తూయండి, గ్రాము అంటే మి.లీ. సిలికాన్ అలిసేకొద్దీ అంకె తగ్గుతూ పోతుంది. గొట్టం, సంచి ఉన్న సెట్‌ని రోజుకొకటి మార్చేది మాత్రం ముఖ్యంగా క్రిములు పెరగకుండా. సంచిని పంపుకి అరమీటరు పైన, అరమీటరు కింద పెట్టి కూడా తూయండి. ఆ అంకెలు, ట్రాక్ వంపు కొలత ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాం.