'కేవీ' అని మనవాళ్ళు దేన్నంటున్నారు?

చేను దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తున్నారని మా బాబాయి ఫోన్ చేశాడు, "అరవై మూడు కేవీది తీసేసి వంద కేవీది పెడుతున్నార్రా" అన్నాడు, మరి దాని మీదకొచ్చే లైనేమో లెవెన్ కేవీ కదా, పదకొండు వచ్చేచోట వంద ఎక్కణ్ణించొచ్చింది? ఇంకోటి, సబ్‌స్టేషన్ బోర్డు మీద 33/11 కె.వి. విద్యుత్ ఉపకేంద్రం అని ఉంటుంది, చిన్నప్పుడు దాన్ని భాగించి మూడు అనుకునేవాణ్ణి (నవ్వకండి). తెలిసినవాళ్ళు చెప్పండి.

– బ్రదర్, మీ బాబాయి చెప్పింది కేవీఏ. చివరి 'ఏ'ని మనోళ్ళు ఎప్పుడో మింగేసిన్రు, మా దగ్గర అందరూ ఇరవై అయిదు కేవీ, వంద కేవీ అనే అంటరు. కేవీ అంటే కిలోవోల్టు, వోల్టేజీ లెక్క; కేవీఏ అంటే కిలోవోల్ట్ ఆంపియర్, ఆ డబ్బా ఎంత లోడు మోస్తదో అది. మీ వంద కేవీఏదానికి పైన వచ్చేది 11 కేవీనే, కింద దిగేది 433 వోల్టులు, ఫుల్ లోడు మీద పైవైపు ఐదుంబావు ఆంపియర్లు పోతే కిందివైపు 133 దాకా పోతది. నిజంగా వంద కేవీ అయితే లక్ష వోల్టులు, రెండు స్తంభాల మధ్య గద్దె మీద కూసోబెట్టే సరుకు కాదది. ఇగ 33 బై 11ల 'బై' భాగారం కాదు, 33 వేలు వచ్చి 11 వేలుగా దిగుతదని.

– కిలో అంటే గ్రీకులో వెయ్యే కాబట్టి కేవీ కనబడ్డచోటల్లా 'వేలు' అని చదువుకుంటే సరిపోతుందండి, 765 కేవీ అంటే ఏడు లక్షల అరవై ఐదు వేల వోల్టులు, మన లెక్కలో ఎంత హాయిగా పలుకుతుందో చూడండి. వెయ్యి కేవీలైతే ఒక మెగావోల్టు, అంటే పది లక్షలు. కానీ ఆ మాట ఈ లైన్ల దగ్గర నేనైతే వినలేదు, మధ్యప్రదేశ్ బీనాలో ఉన్న టెస్ట్ స్టేషన్‌ని కూడా 1200 కేవీ అనే అంటారు, 1.2 మెగావోల్టు అనరు.

– అనకపోవడమే మంచిదైంది మేస్టారూ. ఇంగ్లీషులో పెద్ద ఎం మెగా, చిన్న ఎం మిల్లీ, మన లిపిలో పెద్దా చిన్నా లేవాయె, 'ఎంవీ' అని రాస్తే ఏదనుకోవాలి? రెండిటికీ తేడా వంద కోట్ల రెట్లు! పాఠం రాసేవాళ్ళు మెగావోల్టు, మిల్లీవోల్టు అని పూర్తిగా రాయాల్సిందే.

– అందరికీ థాంక్సండి. బాబాయికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పా, "ఆ ఏ ఏదో నువ్వే పెట్టుకో, లైన్‌మెన్ దగ్గర నేను కేవీ అనే అంటా" అన్నాడు.