1960ల చట్టాలతో అమెరికాలో నిజంగా ఏం మారింది?

ప్రశ్న: ఓటు హక్కు కోసం 1965లో అలబామా రాష్ట్రంలోని సెల్మా ఊళ్లో నల్లజాతివాళ్లు చేసిన ఊరేగింపు గురించి చదివాను. చట్టాలొచ్చాయి సరే, దక్షిణాదిలో నల్లజాతివాళ్ల బతుకు నిజంగా మారిందా, అంతా కాగితాల మీదేనా?

జవాబు 1: ఓటు విషయంలో బాగా మారిందండి. మిసిసిపీలో 1964లో నల్లజాతి వయోజనుల్లో నూటికి ఏడుగురు కూడా ఓటర్లుగా నమోదై లేరు, 1965 ఓటు హక్కు చట్టం నల్లజాతివాళ్లను ఓటుకు దూరంగా ఉంచడానికి వాడిన అక్షరాస్యత పరీక్షలు ఆపేసి, కేంద్రం తన అధికారుల్నే పంపి పేర్లు ఎక్కించడంతో 1967కల్లా సగం దాటేశారు. షెరీఫ్‌గా (అక్కడ ఓట్లతో ఎన్నికయ్యే స్థానిక పోలీసు అధికారి) పోటీ చేసేవాడు వాళ్ల గుమ్మం కూడా తొక్కాల్సొచ్చింది, నా దృష్టిలో అసలు మార్పు అదే.

జవాబు 2: ఇళ్ల సంగతి వేరు. 1968 చట్టం అమ్మకాల్లో, అద్దెల్లో వివక్ష కూడదంది గానీ 1988 సవరణ దాకా దానికి కోరల్లేవు.

జవాబు 3: ఓటు చట్టమూ చెక్కుచెదరకుండా లేదు. ఎన్నికల నిబంధనలు మార్చడానికి ఏ రాష్ట్రాలు కేంద్రం అనుమతి తీసుకోవాలో చెప్పే సెక్షన్‌ను 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది, టెక్సస్ అదే రోజు, ఓటేయాలంటే ఫొటో గుర్తింపు కార్డు చూపాలనే తన ఓటర్ ఐడీ చట్టాన్ని బయటికి తీసింది!