ఉప్పుగాలికి, చెమటకి ఆగే రోజువారీ వాచీ ఏది? 3000 లోపు

శ్రీకూర్మం_రోడ్డు:
అందరికీ నమస్కారం. నేను టీచర్ని. ఉండేది శ్రీకాకుళం టౌన్లో, స్కూలు గార మండలంలో సముద్రం పక్క, రోజూ బండి మీదే వెళ్లి రావడం. ఇన్నాళ్లూ టైము ఫోన్లోనే చూసుకునేదాన్ని కానీ పదో తరగతి పరీక్షల డ్యూటీకి ఫోను లోపలికి రానివ్వరు, స్మార్ట్ వాచీ కూడా వద్దంటారు, గదిలో గోడ గడియారం ఉన్నా అది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. అందుకని మామూలు వాచీ ఒకటి కొందామని. 3000 దాటకూడదు. మా నాన్నగారికి కీ ఇచ్చే హెచ్‌ఎంటీ ఉండేది, అలాంటిదే ఆన్‌లైన్లో "సరికొత్తది" అని 1500కి కనిపిస్తోంది, మనసు అటే లాగుతోంది. మా ఆయనేమో బంగారు రంగు చైనుది తీసుకో, చీర మీదకి బాగుంటుంది అంటారు. ఇంతకుముందు అలాంటిదే ఒకటి పెట్టుకుంటే రెండు వేసవులకే రంగు పోయి చెయ్యంతా దురద. ఏటి కొనమంటారు? కొన్నాక ఎలా చూసుకోవాలి?

మూడు_లాంతర్లు:
టీచర్ గారూ, మాది విజయనగరం, మా నాన్నది వాచీ రిపేరు కొట్టు, సాయంత్రాలు నేనే కూర్చుంటాను. బ్రాండు తర్వాత చూద్దాం, ముందు వాచీని తిరగేసి వెనక మూత మీద ఏం రాసుందో చదవండి. "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని ఉంటే ఆ మూత ఒక్కటే స్టీలు అని. మిగతా కేసు సాధారణంగా ఇత్తడో ఇంకో చవక లోహమో, పైన పూత. మన దగ్గర చెమట, సముద్రం పక్క ఉప్పుగాలి, రెండూ కలిసి ఆ పూతని తినేస్తాయి. పూత కింద తరచుగా నికెల్ ఉంటుంది, అది చర్మానికి తగిలితే కొంతమందికి దద్దుర్లు వస్తాయి, మీ దురద అదే అయ్యుండొచ్చు. కాబట్టి కేసు మొత్తం స్టీలుదైనా తీసుకోండి, ప్లాస్టిక్‌దైనా తీసుకోండి, మధ్యలో బంగారు పూత మాత్రం వద్దు. సార్‌కి నా మాటగా చెప్పండి, పెళ్లిళ్లకి వేరేది కొనమనండి.

రెండోది నీళ్లు. "30 మీటర్లు" అని రాసుంటే 30 మీటర్ల లోతుకి దిగొచ్చని కాదు, అది కొత్త వాచీకి ఫ్యాక్టరీలో కదలని ఒత్తిడి మీద చేసే పరీక్ష లెక్క. చేతులు కడిగినప్పుడు పడే తుంపర్లకి సరిపోతుంది, అంతే. 50 అయితే ఈత కొట్టొచ్చు, 100 ఉంటే సముద్రంలో దిగినా దిగులు లేదు. వానలో బండి నడిపే మనిషికి నేనైతే 50కి తక్కువ ఇవ్వను. అదైనా మూత కింద, కీ దగ్గర ఉండే రబ్బరు వాషర్లు బాగున్నన్నాళ్లే. అవి ఎండిపోతాయి, వేడినీళ్ల స్నానానికి ఇంకా తొందరగా పోతాయి. సెల్ మార్పించిన ప్రతిసారీ వాషరు చూడమని, గ్రీజు రాయమని అడగండి. చాలామంది అడగరు, అడగకపోతే కొట్లో చాలామంది చెయ్యరు కూడా.

సెల్ గురించి ఒక్క మాట. చిన్న ముల్లు వాచీల్లో ఎక్కువగా పడే సైజు ఎస్‌ఆర్626, కొన్నిటి మీద 377 అని ఉంటుంది. ఎస్‌ఆర్ అంటే సిల్వర్ ఆక్సైడ్, 1.55 వోల్టులు దాదాపు చివరిదాకా నిలబెడుతుంది. అదే సైజులో ఎల్‌ఆర్ అని వచ్చేది ఆల్కలైన్, చవక, కానీ వోల్టేజీ మెల్లగా పడిపోతుంది, లోపల కారే ప్రమాదం ఎక్కువ. సెల్ కారి మెషిన్ పచ్చగా పట్టిన వాచీలు మా బల్ల మీదకి రాని వారం లేదు. వాచీ ఆగిపోయాక డ్రాయర్లో పడెయ్యకండి, కనీసం సెల్ అయినా తీయించండి. ఇంకోటి, సెకన్ల ముల్లు ఒక్కో అడుగు కాకుండా రెండు మూడు సెకన్లు ఆగి ఒకేసారి దూకుతుంటే చాలా వాచీల్లో అది సెల్ అయిపోవస్తోందన్న గుర్తు, రిపేరు కాదు. దానికి "మెషిన్ మార్చాలి" అంటే లేచి వచ్చెయ్యండి.

ఇక ఆ "సరికొత్త" హెచ్‌ఎంటీ. 1961లో జపాన్ సిటిజన్ వాళ్ల సాయంతో బెంగళూరులో వాచీలు తియ్యడం మొదలుపెట్టిన కంపెనీ అది, 2016 జనవరిలో వాచీల విభాగం మూసెయ్యడానికి కేంద్రం ఒప్పుకుంది. మరి ఈ కొత్తవి ఎక్కడివి? చాలావరకు పాత వాచీల ముక్కలు కలిపి, డయల్‌కి మళ్లీ రంగేసి, రుద్ది మెరిపించినవి. కంపెనీ ఎప్పుడూ తియ్యని రంగు డయల్ కనిపిస్తే అసలు చూడకండి. నాన్నగారిది ఇంట్లో ఉందా? ఉంటే దాన్నే క్లీనింగ్‌కి ఇవ్వండి, 1500 దానికి పెట్టినా అర్థముంది.

ఉద్దానం_బాబు:
రిపేరు బాబు చెప్పింది బాగుంది గానీ కీ వాచీని మరీ తీసెయ్యకండి. తిత్లీ తుఫాను, 2018 అక్టోబరు, మా పలాస పక్క రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లన్నీ చచ్చాయి. మా పెదనాన్న చేతికున్న కీ వాచీ చూసే వీధంతా టైము తెలుసుకున్నాం. పొద్దున్నే పళ్లు తోముకునేటప్పుడు కీ ఇస్తే మర్నాటిదాకా పని లేదు.

నాగావళి_గట్టు:
అబ్బాయ్, సెల్ వాచీకి కూడా కరెంటు అక్కర్లేదు కదా!

ఉద్దానం_బాబు:
తెలుసులే. ఆ వాచీ గొప్పదని చెప్పుకోనివ్వరా?

నాగావళి_గట్టు:
చెప్పుకో, చెప్పుకో. టీచర్ గారి అవసరం పరీక్ష హాల్లో టైము, అక్కడ క్వార్ట్జే, అంటే సెల్ వాచీయే గెలుస్తుంది. లోపలి స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది, దాన్ని లెక్కపెట్టి ముల్లు కదులుతుంది, అందుకే చవకదైనా నెలకి 15, 20 సెకన్లు తేడా వస్తే ఎక్కువ. కీ ఇచ్చేవి, చెయ్యి కదిలితే తమంతట కీ ఎక్కే ఆటోమేటిక్‌లు రోజుకే అంత తప్పుతాయి, పైగా ఆటోమేటిక్ సుమారు 40 గంటలు పక్కన పెడితే ఆగిపోతుంది. శనివారం రాత్రి తీసి పెడితే సోమవారం మధ్యాహ్నానికో సాయంత్రానికో నిద్రపోతుంది.

పేరు చెప్పమంటే కేసియో ఎమ్‌ఆర్‌డబ్ల్యూ-200హెచ్ చూడండి. ప్లాస్టిక్ కేసు, 100 మీటర్లు, పెద్ద అంకెలు, వారం తేదీ ఉంటాయి, మీ బడ్జెట్‌లో వస్తుంది. కొంచెం లావు, సన్న చేతికి పెద్దదిగా అనిపిస్తే వదిలెయ్యండి. అదే కంపెనీ డిజిటల్ వాచీ ఎఫ్-91డబ్ల్యూ 1989 నుంచి వస్తోంది, 21 గ్రాములు, సెల్ ఏడేళ్లు. కానీ దాని లైటు పేరుకే, చీర మీదకి బాగోదని సార్ అంటారు, నిజమే మరి.

శ్రీకూర్మం_రోడ్డు:
అందరికీ థాంక్స్. నాన్నగారిది అమ్మ పెట్టెలో ఉందట, ముళ్లు కదలట్లేదు, సంక్రాంతికి వెళ్లినప్పుడు తెస్తాను. డ్యూటీకి మాత్రం సెల్ వాచీయే. తోలు బెల్టు బాగుంటుందా? రోజూ తుడవాలా?

మూడు_లాంతర్లు:
తోలు వద్దండి, మన ఎండకి ఏడాదిలోపే కంపు కొట్టి పగులుతుంది. రబ్బరుదో నైలాన్‌దో పెట్టుకోండి, నైలాన్‌ది సబ్బుతో ఉతికి ఆరేసుకోవచ్చు. ఇంటికి రాగానే తీసి తడి గుడ్డతో వెనకవైపు తుడవండి, సెంటు, శానిటైజర్ రాసుకుని ఆరాకే పెట్టుకోండి. బెల్టు కింద చిటికెన వేలు పట్టేంత వదులు ఉంచండి, బిగిస్తే దురద మళ్లీ వస్తుంది. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే బియ్యం డబ్బాలో పెట్టే పని పెట్టుకోకుండా అదే రోజు మూత తీయించండి, ఆలస్యమైతే డయల్ మచ్చలు పడొచ్చు.

అన్నట్టు పాత వాచీకి క్లీనింగ్ అయ్యేదాకా కీ తిప్పకండి. నూనె గట్టిపడి ఉంటుంది, బలవంతంగా నడిపిస్తే పళ్లు అరుగుతాయి. కొత్తది కొనేటప్పుడు బెల్టు పట్టే చోటు వెడల్పు ఎంతో అడగండి. 18, 20, 22 మిల్లీమీటర్లలో ఏదైనా ఉండి, అక్కడ తిన్నగా ఉంటే బెల్టు ఎక్కడైనా దొరుకుతుంది. వాచీకే అతికినట్టు వచ్చే రకం అయితే అది తెగిన రోజు ఆ మోడల్ బెల్టు కోసం విశాఖ దాకా వెతకాలి.